గొప్ప సినిమాకు బస్సు ఆగదు

గోవిందప్ప గొప్ప సినిమాను రెండోసారి చూసే మనిషి కాదు. ఊళ్లో ఎవరో పుట్టించిన మాట కాదిది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆయనే చెప్పుకున్నాడు. ఫైటింగు సినిమా అయితే వచ్చిన ప్రతిసారీ చూస్తాడు. నవ్వుల సినిమా అయితే హాలువాళ్లు రీళ్ల పెట్టెలు కట్టేసి పంపించేదాకా వదలడు. ఆడవాళ్లు కొంగులు పిండుకునే సినిమా, మగవాళ్లు కంట్లో ఏదో పడిందని పక్కకు తిరిగే సినిమా మాత్రం ఒక్కసారే. బయటికొచ్చి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పంచాయతీలో తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు.

"గొప్ప సినిమా అప్పా. రెండోసారి మాత్రం సూడగూడదు."

సినిమాలతో ఆగినా బాగుండేది. పెళ్లయిన కొత్తలో కుప్పంలో అత్తగారు రాగిసంగటి చేసి నాటుకోడి పులుసు పోసింది. మొదటి ముద్దకే అల్లుడు కళ్లు మూసుకుని, గొప్ప పులుసని మెచ్చుకున్నాడు. ఆమె సంబరపడి గరిటె ముంచేలోగా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. రెండోసారి పోస్తే గొప్పది చెడిపోతుందని ఆయన వాదం. తన వంట అల్లుడికి పడలేదనే దిగులుతోనే ఆ తల్లి చివరిదాకా బతికింది. ఇంకోసారి బంధువులంతా కలిసి హార్సిలీ కొండకు పోతే, పైన నిలబడి చుట్టూ చూసి, "గొప్ప కొండ. ఇంగ రాగూడదు" అని అందరికంటే ముందు వచ్చి బస్సులో కూర్చున్నాడు.

ఒకరోజు భార్య తులసమ్మ నిలదీసింది.

"అయితే నన్ను దినామూ సూస్తాండావే. నేను గొప్పదాన్ని కాదా?"

గోవిందప్ప ఆవుకు గడ్డి వేస్తూ వెనక్కి తిరక్కుండానే బదులిచ్చాడు. "నువ్వు ఫైటింగు సినిమావి మే."

తులసమ్మ ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. వంటింట్లోకి పోయి మాత్రం నవ్వుకుంది.

వాళ్లది పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె. ఉన్న కొద్ది చేనులో టమాటా పెట్టేవాళ్లు. కాయ కోసిన రోజు గోవిందప్ప గంపలతో మదనపల్లె మార్కెట్టుకు పోయేవాడు. అక్కడ అబ్దుల్ జబ్బార్ మండీలో దించేవాడు. తులసమ్మకు మదనపల్లె దూరం. ఆమె సినిమాలన్నీ పుంగనూరులోనే. ఆ తొంభైల్లో కొత్త సినిమా ముందు మదనపల్లెలో ఆడి, అక్కడ జనం పలచబడ్డాక పుంగనూరుకు వచ్చేది. వచ్చేసరికి దాని నిండా గీతలు. ఎండాకాలం కథలో కూడా తెర మీద సన్నగా వాన పడుతూ ఉండేది. అయినా మైకు కట్టిన ఆటో పల్లెల వెంట తిరిగి గులాబీరంగు కాగితాలు చల్లిందంటే, తులసమ్మ ఒకటి ఏరి కొంగున ముడేసుకునేది. సాయంత్రం గోవిందప్ప ఆ ముడి చూసి, ఏ రోజు పోదామని అడిగేవాడు.

మ్యాట్నీకి పోయేవాళ్లు. పక్కపక్క కుర్చీల కోసం గోవిందప్ప గేటు దగ్గర తోసుకుని ముందు దూరేవాడు. ఇంటర్వెల్లో మసాలా వడలు, గోళీసోడా. రెండోసగంలో కథ ముదిరి, హాల్లో అక్కడక్కడా ముక్కులు చీదే చప్పుడు మొదలై, తులసమ్మ కొంగు అంచు వేళ్లకు చుట్టుకుని ముందుకు వంగేది. సరిగ్గా అప్పుడే ఆమె మోచేతి మీద ఒక చెయ్యి పడేది.

"లేమే. బస్సు పోతాది."

వాళ్ల పల్లెకు సాయంత్రం ఒకటే బస్సు. అది తప్పితే పెద్దపంజాణి నుంచి నడకే. అందుకని తులసమ్మ వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ, చీకట్లో జనం కాళ్లు తొక్కుతూ, వాళ్ల తిట్లు తింటూ బయటికి వచ్చేది. పరుగున బస్టాండు చేరితే అక్కడ బస్సు ఉండేది కాదు. పోయిందని కాదు, ఇంకా రాలేదు. చెట్టు కింద కూర్చోబెట్టి, వేరుశనక్కాయల పొట్లం కొని ఆమె చేతికిచ్చి, గోవిందప్ప మిగిలిన కథ చెప్పేవాడు. చూడకుండా వచ్చిన కథ నీకెట్లా తెలుసని ఆమె మొదట్లో అడిగింది. మండీలో వాళ్లు చెప్పుకుంటుంటే విన్నానని ఆయన జవాబు. మండీలో టమాటా ధర తర్వాత మాట్లాడుకునేది సినిమాలే కాబట్టి ఆమె నమ్మింది.

చెప్పడంలో గోవిందప్ప మొనగాడు. తెర మీద మూడు గంటలు నడిచిన కష్టాన్ని ఒక పొట్లం అయిపోయేలోగా తీర్చేసేవాడు. గోదావరి మీద పడవ నడిపే తండ్రి కథ ఒకటి వచ్చింది ఆ రోజుల్లో. కూతురికి కాళ్ల పట్టీలు తేవడానికి వరదలో అవతలి ఒడ్డుకు పోతాడు. పాప గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. దూరంగా పడవ వస్తుంది. పడవలో మనిషి ఉన్నాడో లేడో తెలిసేలోపే పుంగనూరులో బస్సు వేళయింది.

"ఇంగేముంది మే, సేపలోళ్లు ఆయన్ని పట్టుకున్న్యారు. కడుపు నిండా నీళ్లు. నేరుగా వేలూరు పెద్దాసుపత్రికి ఎత్తుకపోయినారు."

"బతికినాడా?"

"బతకక? పట్టీలు పిల్ల కాళ్లకు ఆయప్పే పెట్టినాడు."

తులసమ్మ అమ్మయ్య అనుకుని ఇంకో కాయ ఒలిచింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా తమిళనాడు పక్క వేలూరుకే పోతారు. కాబట్టి సినిమాల్లో వాళ్లు కూడా అక్కడికే పోవడం ఆమెకు వింతగా తోచలేదు. గుండెజబ్బు అన్న, కాన్పు కష్టమైన చెల్లెలు, ఉరికంబం దాకా పోయిన అమాయకుడు, అందరూ వేలూరుకు పోయి బతికారు. రాజుల కాలం సినిమాలో విషం తాగిన రాణిని కూడా గుర్రబ్బండిలో అక్కడికే చేర్చాడు గోవిందప్ప. బండి ఘాటు రోడ్డు ఎట్లా దిగిందో కూడా వర్ణించాడు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు మింగుడుపడేది కాదు.

"యోవ్, నవ్వుల సినిమాకు బస్సు ఆగుతాది, ఏడుపు సినిమాకు యాల ఆగదు?"

"గొప్ప సినిమాలు పొడుగు మే" అని గోవిందప్ప బస్సు వచ్చే దిక్కు చూసేవాడు.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది, కానీ దాన్ని ఆమె దీనితో కలపలేదు. అప్పుడప్పుడు మదనపల్లె నుంచి ఆయన కళ్లు మందారాల్లాగ ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. మిరపకాయల లారీలో వచ్చానని చెప్పేవాడు. తులసమ్మ ఆ లారీవాడిని తిట్టిపోసి, చల్లటి పాలలో ముంచిన గుడ్డ ఆయన కళ్ల మీద వేసేది.

ఇట్లా పదేళ్లకు పైగా గడిచింది. ఆ ఏళ్లలో తులసమ్మ గొప్ప సినిమాలన్నీ చూసింది, ఒక్కదానికీ చివర చూడలేదు. ఆమెకు పెద్ద కోరికలేమీ లేవు. చేతికి కొత్త గాజులు కూడా అడిగేది కాదు. ఒక్కసారి, ఒక్క గొప్ప సినిమాకైనా, దీపాలు వెలిగేదాకా కూర్చుని అందరితో కలిసి మెల్లగా లేచి రావాలని మాత్రం ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో ఆమె కుప్పంలో చెల్లెలు కృష్ణమ్మ ఇంటికి పోయింది. అక్కాచెల్లెళ్లు చింతపండు గింజలు తీస్తూ పాత సినిమాలు తవ్వుకున్నారు. పడవ సినిమా దగ్గరికి వచ్చేసరికి కృష్ణమ్మ చెయ్యి ఆగిపోయింది.

"గొప్ప సినిమా అక్కా. ఇంగోసారి మాత్రం సూడలేను."

"మా ఇంటాయన మాదిరే మాట్లాడతాండావే. ఆఖర్లో అంతా బాగనే అవుతాది గదా."

"ఏం బాగయితాది? నాయన సచ్చిపోతాడు గదా."

"యాడ సచ్చిపోతాడు? వేలూరుకు ఎత్తుకపోతారు గదా."

కృష్ణమ్మ అక్క మొహం వైపు చూసింది. ఎండదెబ్బ తగిలిందేమోనన్న అనుమానం ఆమెకు.

"అక్కా, ఆ కత జరిగేది గోదారి పక్క. ఆడి నుంచి వేలూరుకు యాల పోతారు?"

"ఆసుపత్రి మంచిదని."

కృష్ణమ్మ నవ్వలేక, నవ్వాపుకోలేక చింతపండు చేట పక్కకు పెట్టింది. మాటా మాటా పెరిగింది. నా మొగుడు అబద్ధమాడతాడా అని అక్క, నా కళ్లు అబద్ధమాడతాయా అని చెల్లెలు. చివరికి పంతం పట్టి ఇద్దరూ బజారులో వీడియో షాపుకు పోయారు. షాపతను అటకంతా వెతికి, ఆ క్యాసెట్టు మీద దుమ్ము ఊది, మూరెడు దూరం నుంచి అందించాడు.

"దీన్ని ఒగసారి తీసకపోయినోళ్లు మళ్లా అడగలేదమ్మా. మీరు ఇంతకుముందు సూసినారా, లేదా?"

"సూసినట్టే" అంది తులసమ్మ.

మధ్యాహ్నం తలుపులు వేసుకుని కూర్చున్నారు. పాప గట్టు మీద కూర్చుంది. దూరంగా పడవ వస్తోంది. తులసమ్మకు అలవాటు కొద్దీ మోచెయ్యి గుర్తొచ్చి పక్కకు చూసుకుంది. లేపడానికి ఎవరూ లేరు. పడవ ఒడ్డుకు తగిలింది. అందులో పట్టీల మూట ఉంది, మనిషి లేడు.

ఆ అక్కాచెల్లెళ్ల నాయన కూడా ఒక ఉదయం వి.కోట సంతకు పోయి, వాళ్లు గడపలో కూర్చుని చూస్తుండగా ఇంకొకరి బండిలో పడుకుని వచ్చాడు. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇంకోసారి చూడలేనన్న కృష్ణమ్మే ఎక్కువ ఏడ్చింది. టీవీ తెర మీద చుక్కలు వచ్చేదాకా ఎవరూ కదలలేదు. ఆ తర్వాత తులసమ్మ మొహం కడుక్కుని వచ్చింది.

"ఆకలేస్తాండాది మే. సంగటి మిగిలిందా?"

ఉన్న సంగటి అంతా తినేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. లేచాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఏమీ కాలేదు. ఏడిస్తే ఏడుపు అయిపోయింది, అంతే.

దాంతో కోపం వచ్చింది. తిరుగు బస్సులో పలమనేరు దాకా ఒక్కొక్క సినిమానే బయటికి తీసి చూసుకుంది. గుండెజబ్బు అన్న చచ్చిపోయి ఉంటాడు. కాన్పు కష్టమైన చెల్లెలూ అంతే. అమాయకుణ్ణి ఉరి తీసే ఉంటారు. గుర్రబ్బండి, ఘాటు రోడ్డు గుర్తొచ్చేసరికి పక్క సీటామె ఉలిక్కిపడేలా నవ్వొచ్చింది, నవ్వు ఆగాక కోపం రెట్టింపయింది. ఇన్నేళ్లుగా తనను ఒక పసిపిల్ల కింద జమకట్టి లేపుకొచ్చాడు. ఇంటికి పోగానే అడగవలసిన మాటలన్నీ వరసగా పేర్చి పెట్టుకుంది.

ఇంట్లో గోవిందప్ప ఆమెకు ఇష్టమని అలసంద వడలు కాల్చి పెట్టి ఉన్నాడు. సగం మాడిపోయాయి. కుప్పంలో సినిమాలేమైనా చూశారా అని అడిగాడు. వడ నోట్లో ఉండగా పోట్లాడటం కుదరక, లేదని చెప్పేసింది. పేర్చుకున్న మాటలు అట్లాగే ఉండిపోయాయి.

ఆ నెలలోనే మండీ జబ్బార్ కూతురు సనా పెళ్లి మదనపల్లెలో. తులసమ్మ ఆ ఇంటికి పోవడం అదే మొదలు. జబ్బార్ భార్య కమరున్నీసా ఆమెను ఆడవాళ్ల గదిలోకి తీసుకుపోయి, బిర్యానీ పళ్లెం ముందు పెట్టి, ఎన్నో ఏళ్ల పరిచయం ఉన్నట్టు తేరిపార చూసింది.

"సినిమా అక్క మీరేనా?"

తులసమ్మకు అర్థం కాలేదు. కమరున్నీసా దగ్గరగా జరిగి కూర్చుని, నవ్వుతూ ఆ కథంతా చెప్పుకొచ్చింది. మొదటిసారి గోవిందప్ప ఆ ఇంటికి మధ్యాహ్నప్పూట వచ్చి, అరుగు మీద కూర్చుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడట. ఇంట్లో ఎవరో పోయారనుకుని ఆమె కూడా కూర్చుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చాక, పోయింది సినిమాలో మనిషని తేలింది. అప్పటి నుంచి మదనపల్లెకు గొప్ప సినిమా వచ్చిందంటే ఇదే వరస. గంపలు దించడం, సినిమాకు పోవడం, ఎర్రటి కళ్లతో వచ్చి చాయ్ అడగడం.

"చాయ్ తాగేసి అడిగేవాడు అక్కా. భాభీ, వచ్చే నెల ఇది పుంగనూరుకు వస్తాది, మా ఇంటామెను తీసకపోవాల, ఈ పాప నాయన్ను ఎట్ల బతికిచ్చేదీ అని. మా ఆయన, నేను, అన్న, ముగ్గురమూ కూసోని తలలు బద్దలు కొట్టుకునేది. నా గుండెకు ఆపరేషను వేలూర్లోనే అయింది గదా. అందుకే ఎవురు సచ్చినా ఆడికే పంపీమనేదాన్ని."

తులసమ్మ ఆమె వైపు తిరిగింది.

"అంటే ముందే ఒగసారి సూసి, మళ్లా నన్ను పిల్సకపోయేదా?"

"ప్రతి ఒగటీ రెండుసార్లు. ముందు ఈడ ఒగసారి, ఎప్పుడు లేవాల్నో తెలుసుకునేదానికి, మళ్లా పుంగనూర్లో మీతో. రెండోసారి సూడగూడదంటావు గదన్నా, మళ్లా యాల పోతావని నేనే అడిగినా ఒగసారి. ఏమన్న్యాడో తెలుసా? మొదటిసారి తెలీక ఏడుస్తాము భాభీ, రెండోసారి తెలిసి కూసోవాల, అదీ కష్టం అన్న్యాడు."

ఎందుకు ఇంత పాటు అని తులసమ్మ అడగలేదు. అడగనవసరం లేకుండా ఆమెకే గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్క ఏడుపు సినిమా చివరిదాకా చూసింది. పట్నం పోయిన మొగుడు తిరిగిరాని కథ. ఆ తర్వాత గోవిందప్ప గంపలతో మదనపల్లెకు పోయిన ప్రతి రోజూ ఆమె అన్నం ముట్టకుండా, పొద్దున్నుంచే బస్సు ఆగే చోటికి పోయి, సాయంత్రం ఆయన దిగేదాకా ఎండలో నిలబడేది. ఎవరైనా అడిగితే గడ్డి కోసం వచ్చానని చెప్పేది. ఆయన దిగినప్పుడు ఆమె ఎండిన పెదాల వైపే చూసేవాడు. తనకే ఆ రోజులు మరుపున పడ్డాయి. గోవిందప్పకు పడలేదు. బస్సు తొందర మొదలైంది ఆ తర్వాతే.

"అన్నకు సెప్పబాక అక్కా" అంది కమరున్నీసా. "నాతో ఒట్టు పెట్టించుకోనుండాడు."

తులసమ్మ తల ఊపి బిర్యానీ తినడంలో పడింది. మిరపకాయల లారీవాడిని ఇన్నేళ్లుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి పొలమారింది.

ఇంటికి వచ్చాక కూడా ఆమె ఏమీ అడగలేదు. ఆ ఏడే వాళ్లింటికి కలర్ టీవీ, దానికి కేబులు తీగా వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి పడవ సినిమా వేశారు. గోవిందప్ప నులకమంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. తులసమ్మ నేల మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ, ఇదే సమయమనుకుంది. ఈసారి లేవగూడదు. చివరిదాకా చూసి, నాకేమీ కాలేదు చూడవయ్యా అని చూపించాలి.

సినిమా సగం దాటింది. గోవిందప్ప కదలడం మొదలుపెట్టాడు. ఆవు అరిచినట్టుంది అన్నాడు. ఆవు నెమరు వేస్తూ పడుకుని ఉంది. కరెంటు పోయేటట్టుంది అన్నాడు. కరెంటు ఏ రోజూ లేనంత బాగా ఉంది. ఇంట్లో కూర్చున్న మనిషికి బస్సు ఎక్కడిది? పాప గట్టు మీదికి వచ్చి కూర్చుంది. తులసమ్మ తెర వైపు చూడటం మాని పక్కకు తిరిగింది. గోవిందప్ప తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని ఉన్నాడు. తల నెరిసిన మనిషి, మెడ నరాలు బిగించుకుని, ఆ రాబోయే పడవను ఆపలేక, చూడకుండా ఉండలేక, ఆమె వైపు ఒక చూపు, తెర వైపు ఒక చూపుగా సతమతమవుతున్నాడు.

తులసమ్మ లేచింది. వెళ్లి టీవీ కట్టేసింది. వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"లేయప్పా. బస్సు పోతాది."

గోవిందప్ప ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆమె మొహంలో ఏమీ దొరకలేదు. లేచి వెంట వచ్చాడు. ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చున్నారు. ఆమె ఒలిచిన కాయలు కొంగులోంచి ఆయన దోసిట్లో పోసింది. ఆయన కొన్ని నమిలి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఆఖరికి ఏమయితాది మే?"

"ఏమయితాది? సేపలోళ్లు పట్టుకున్న్యారు. వేలూరుకు ఎత్తుకపోయినారు."

"గోదారి నుంచి శానా దూరం గదా?"

"డ్రైవరు మంచోడంట."

"బతికినాడా?"

"బతకక?"

గోవిందప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుని, దులిపి, భుజాన వేసుకున్నాడు. పంచాయతీలో తీర్పు చెప్పేవాడిలా వెన్ను నిటారు చేశాడు.

"గొప్ప సినిమా" అన్నాడు. "ఇంగో తూరి వేసినప్పుడు మళ్లా సూద్దాం మే."